బోణీ కాని గ్యారేజీ

కారు కింద పడుకున్నవాడికి లోకంలో మనుషులు కనిపించరు. కాళ్లే కనిపిస్తాయి. ఆ ఆదివారం ఉదయం తటవర్తి విశ్వపతి మాస్టారికి కనిపించిన కాళ్లకి నల్లబూట్లున్నాయి. బూట్లకి కొత్త పాలిష్ ఉంది. ఆదివారం పూట పాలిష్ చేసిన బూట్లు ఒకరి గేటు దాటి లోపలికొచ్చాయంటే, అది పెళ్లిపిలుపు మాత్రం కాదు.

"ఈ గ్యారేజీ యజమాని ఎవరు?" అన్నాయి బూట్లు.

"ఇది గ్యారేజీ కాదండీ, ఇల్లు" అన్నారు మాస్టారు, నట్టు విప్పుతూనే.

"ఆ బేసిన్‌లోకి దిగుతున్నదేమిటి?"

"పాత ఆయిలు."

"దింపుతున్నదెవరు?"

"నేనే."

"అయితే ఇది గ్యారేజీయే" అన్నాయి బూట్లు తృప్తిగా. "బయటికి రండి."

మాస్టారు పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే బూట్ల పైన ఖాకీ ప్యాంటూ, దానిపైన సన్నటి మీసమూ ఉన్నాయి. పేరు లోకనాథం. వాహన సంరక్షణ మండలిలో తనిఖీ అధికారి. చేతిలో పసుపుపచ్చటి టేపు చుట్ట.

"వాహనమునకు ఏ స్థలమున మరమ్మతు జరుగునో ఆ స్థలము గ్యారేజీ అనబడును" అని అప్పజెప్పాడు లోకనాథం. "నమోదు కాని గ్యారేజీ నడపడం నేరం. నమోదు అయ్యేదాకా బండికి సీలు."

"అయితే ఇప్పుడే ఏ షెడ్డుకో తోయించేస్తాను."

"విప్పిన బండిని నమోదు కాని గ్యారేజీ నుంచి కదిలిస్తే అది అక్రమ రవాణా."

"పోనీ, ఆయిలు పోసి నట్టు బిగించేస్తాను."

"అది మరో మరమ్మతు. అంటే రెండో నేరం."

టేపు బండి చుట్టూ తిరిగింది. పాత నీలంరంగు కారు, జాకీ మీద ముందు చక్రాలెత్తుకుని, పసుపు గుడ్డ కట్టిన కోడెదూడలా నిలబడింది.

విశ్వపతి మాస్టారు విజయనగరంలో ముప్ఫై ఏళ్లు భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన పానా పట్టడానికి కారణం కొబ్బరికాయ. మొన్న దసరా తర్వాత బండి వెనకాల దడదడమని చప్పుడు మొదలైంది. షెడ్డుకి తీసుకెళితే, "షాకబ్జార్బర్లు పోయాయి మాస్టారూ" అన్నారు. మార్చారు. చప్పుడు పోలేదు. "అయితే సస్పెన్షన్" అన్నారు. అదీ మార్చారు. చప్పుడు ఇంకా గట్టిపడింది. చివరికి ఆయన భార్య హైమవతి డిక్కీ తెరిచి, ఆయుధపూజ నాడు కొట్టడం మరిచిపోయిన కొబ్బరికాయ బయటికి తీసింది. ఆ సాయంత్రమే మాస్టారు ప్రతిజ్ఞ చేశారు: ఇక నుంచి నా బండికి నేనే సర్వీసు చేసుకుంటాను.

ఆ ప్రతిజ్ఞ ఇప్పుడు భార్య కొంప ముంచింది.

"శుక్రవారం నా టెస్టు!" అంది హైమవతి, టేపు వంక చూసి.

అదీ అసలు గొడవ. యాభై నాలుగేళ్ల హైమవతి కారు నేర్చుకుంటోంది. ఒకసారి ఫెయిలైంది. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఈ శనివారంతో సరి. శుక్రవారం తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంకెవరి బండైనా తీసుకెళ్లొచ్చు గానీ, ఈ బండి క్లచ్ తప్ప ఇంకో క్లచ్ ఎంత లోతుంటుందో ఆమె ఎడమకాలికి తెలీదు. పైగా బొబ్బిలిలో అక్క అరుంధతి ఫోనులో ఏనాడో తేల్చేసింది: "నువ్వు నడుపుకుంటూ మా ఇంటికొచ్చిన రోజున చూద్దాంలేవే. అప్పటికి నేనుంటే!"

"నేను చూసుకుంటాగా, హైమా" అన్నారు మాస్టారు.

"మీరు చూసుకుంటానన్నందుకే కదా ఇంతదాకా వచ్చింది" అంది హైమవతి.

* * *

మండలి కార్యాలయం గోడమీద పెద్ద అక్షరాలతో రాసుంది: 'నీ బండి నీదే. దాని బానెట్ మాది.'

సంయుక్త సంచాలకురాలు ప్రసూనాంబగారి గదిలో ఫ్యాను తిరగడంలేదు. గుమాస్తాలంతా ఫైళ్లతో విసురుకుంటున్నారు.

"కరెంటు లేదాండీ?" అన్నారు మాస్టారు.

"ఉంది. స్విచ్ లూజు. వేలితో కాస్త నొక్కితే తిరుగుతుంది" అంది ప్రసూనాంబ, చెమట తుడుచుకుంటూ. "కానీ మేం ఆదర్శంగా ఉండాలి గదండీ! నిపుణుడు రావాలి. ఉగాది నుంచి ఎదురు చూస్తున్నాం."

మాస్టారు తన గోడు చెప్పుకున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది.

"చూడండి, విశ్వపతిగారూ. ప్రజలు ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోతే నిపుణుల గతేమిటి? ఆ విషాదాన్ని నివారించడానికే మా 'నిపుణ హస్తం' మహోద్యమం. అయినా మేం కఠినాత్ములం కాము. గ్యారేజీ నమోదు చేసుకోండి. మీ ఇంట్లోనే, మీ బండే, నిరభ్యంతరంగా బాగుచేసుకోండి."

"ధన్యవాదాలండీ. యజమాని పేరు విశ్వపతి అని రాయండి."

"పనివాడు?"

"విశ్వపతి."

"వినియోగదారుడు?"

"విశ్వపతే."

ప్రసూనాంబ కలం కింద పెట్టింది. "గ్యారేజీ అన్నాక ముగ్గురుండాలి. ముగ్గురూ ఒక్కరే అంటే అది గ్యారేజీ కాదు, అద్వైతం. మండలి అద్వైతాన్ని గుర్తించదు."

"మరి మా ఆవిడ యజమాని అయితే?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. పక్కగదిలోకి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చింది.

"పనివాడూ వినియోగదారుడూ మాత్రం మీరే. ఊఁ... విశిష్టాద్వైతం కింద పరిశీలిస్తాం. బుధవారం మా అధికారి తనిఖీకి వస్తాడు. ఆ సమయంలో గ్యారేజీ యథావిధిగా పనిచేస్తూ కనబడాలి. యజమాని అజమాయిషీ చెయ్యాలి. పనివాడు పనిచెయ్యాలి. వినియోగదారుడు నిరీక్షించాలి."

"ఒక్కణ్ణే పనిచేస్తూ నిరీక్షించడం ఎలాగండీ?"

"అది మీ అంతర్గత నిర్వహణ" అంది ప్రసూనాంబ. "అందులో మండలి జోక్యం చేసుకోదు."

* * *

బుధవారానికల్లా గేటుకి బోర్డు వెలిసింది: శ్రీ హైమవతీ మోటార్ వర్క్స్. వరండాలో వెయిటింగ్ రూమ్ వెలిసింది. అంటే ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక స్టూలు, స్టూలు మీద అట్ట చిరిగిన పాత వారపత్రిక. పత్రిక కొత్తదైతే చెల్లదని లోకనాథం ఫోనులో మరీ మరీ చెప్పాడు.

అతను మండలి జీపులో దిగి, వరండా మెట్టుమీద నిలబడి, టేపు ఒకవైపు తాత్కాలికంగా పైకెత్తి పట్టాడు. "తనిఖీ నిమిత్తం పని చేసినట్టు కనబడొచ్చు. పని మాత్రం జరగకూడదు. కానివ్వండి."

మాస్టారు కారు కిందికి దూరారు. పానాతో టకటకా కొట్టారు. తర్వాత బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, కాలుమీద కాలేసుకుని పత్రిక తిరగేశారు. కాసేపటికి కారువైపు చూసి అడిగారు:

"ఇంకా ఎంతసేపు?"

లేచి కారు కిందికి దూరి జవాబిచ్చారు: "అయిపోయింది సార్, ఒక్క అరగంట!"

మళ్లీ కుర్చీలోకొచ్చారు. "పొద్దుట కూడా అరగంటే అన్నావు గదయ్యా?"

మళ్లీ కిందికి. "పొద్దుట చూసింది వేరు సార్. విప్పితే గదా తెలిసేది!"

పక్కింటి దాలినాయుడు పిట్టగోడ మీద మోచేతులానించి చూస్తున్నాడు. రైసుమిల్లు నడిపి కొడుక్కప్పజెప్పిన మనిషి. పొద్దు పోవడానికి ఇంతకంటే మంచి కాలక్షేపం ఈ మధ్య దొరకలేదు. "మాస్టారూ, ఆ మెకానిక్‌ని నమ్మకండి. ఆడి వాలకం చూస్తే దొంగలా ఉన్నాడు!" అని అరిచాడు.

మాస్టారికి ఏమైందో ఏమో, మూడోసారి కుర్చీలోంచి లేచినప్పుడు ముఖం నిజంగానే ఎర్రబడింది. "ఏమిటయ్యా ఈ నిర్లక్ష్యం? మాకు వేరే పనుల్లేవనుకున్నావా?" అని ఖాళీ కారు మీద విరుచుకుపడ్డారు. వెంటనే కిందికి దూరి అంత కోపంగానూ, "అంత తొందరైతే ఇంకో షెడ్డుకి తీసుకుపోండి సార్!" అన్నారు.

హైమవతి వంటింట్లోంచి పరుగున వచ్చింది. కుర్చీలోకొచ్చిన కస్టమరుకి టీ ఇచ్చి, "కుర్రాడు కొత్తగా చేరాడండీ, ఏమనుకోకండి" అంది. కస్టమరు టీ తాగి కారు కిందికి చేరాక వంగి చూసి, "కస్టమర్లతో అలాగేనా మాట్లాడేది? నీ పద్ధతి మార్చుకుంటావా, మానేస్తావా?" అని గదమాయించింది. ముప్ఫైరెండేళ్ల కాపురంలో ఆమెకి ఇలాంటి అవకాశం రాలేదు. ఇంకా రెండు మాటలు ఎక్కువే అంది.

లోకనాథం కళ్లు చెమ్మగిల్లాయి. "ఎన్నో గ్యారేజీలు చూశానమ్మా. ఇంత సహజంగా ఎక్కడా లేదు."

"అయితే సీలు తీసేస్తారా బాబూ? ఎల్లుండే నా టెస్టు."

"ఒక్కటే మిగిలింది. బోణీ."

"బోణీ?"

లోకనాథం ఛాతీ విరుచుకున్నాడు. "ప్రారంభ వాణిజ్య స్వీకారం, అనగా బోణీ. మన సంప్రదాయాన్ని నిబంధనల్లోకి తెచ్చిన మొట్టమొదటి మండలి మాదమ్మా! బోణీ కాని గ్యారేజీ గ్యారేజీ కాదు. ఇంటివాళ్ల బండి బోణీకి పనికిరాదు. బయటి కస్టమరు రావాలి, నాలుగు చక్రాల బండి ఇవ్వాలి. రోడ్డు మీది బండి మీ గేటు దాటే క్షణానికి గ్యారేజీ అయినట్టు లెక్క. వచ్చినవాణ్ణి కాదనకూడదు. పని వేళల్లో మెకానిక్ గ్యారేజీ వదలకూడదు. బండి ఒక్క రాత్రయినా షెడ్డులో నిద్ర చెయ్యాలి. తెచ్చిన రోజే బాగుచేసి ఇచ్చేస్తే మిగతా గ్యారేజీల మనోభావాలు దెబ్బతింటాయి."

టేపు మళ్లీ దింపి, జీపెక్కి వెళ్లిపోయాడు.

* * *

గురువారం మధ్యాహ్నం దాకా మాస్టారు వీధివీధీ తిరిగారు. పంటి డాక్టరు, "మీ బండే కదలకుండా పడుంది గద మాస్టారూ. మా బండి మీ చేతికెలా ఇవ్వడం?" అన్నాడు. పాతశిష్యుడొకడు, "సార్, మీరంటే దేవుడితో సమానం" అని కాళ్లకి దణ్ణంపెట్టి, కారు తాళాలు జేబులో వేసుకుని లోపలికి పోయాడు. దాలినాయుడు తన స్కూటరు తోసుకొచ్చాడు గానీ దానికున్నవి రెండే చక్రాలు.

"ఇంకో స్కూటరు తెచ్చి తాడుతో కట్టేద్దుమా మాస్టారూ?"

"నవ్వులాటగా ఉందా నాయుడూ?"

"మరి ఏడవమంటారా?"

హైమవతి మాత్రం ఏమీ అనలేదు. ఎర్రటి ఎల్ అక్షరం అతికించిన అట్టముక్కని ఒళ్లో పెట్టుకుని వరండామెట్టు మీద కూర్చుంది. ఆమె కోప్పడితే మాస్టారికి అలవాటే. ఊరుకుంటేనే కాళ్లాడవు.

"పోనీలెండి. ఆ క్లచ్ నొక్కినంతకాలం బాగానే ఉంది" అంది చివరికి. "అక్కకేం చెప్పాలో మీరే ఆలోచించండి."

సరిగ్గా అప్పుడు, సాయంత్రం ఎండ వాలుతుండగా, గేటు ముందు ఒక జీపు ఖళ్లుమని దగ్గి ఆగిపోయింది.

మండలి జీపు. లోపల లోకనాథం ఒక్కడే. బోణీ అయిందో లేదో చూసిపోదామని వచ్చాడు. తాళం తిప్పాడు. జీపు కిక్కురుమనలేదు. మళ్లీ తిప్పాడు. దిగాడు. అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరనుకున్నాడు. పిట్టగోడ వెనకాల దాలినాయుడూ, వరండా స్తంభం వెనకాల హైమవతీ ఉన్నారని అతనికి తెలీదు.

లోకనాథం మెల్లిగా బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మీద తీగ వదులై వేలాడుతోంది. ఎవరికైనా తెలిసే జబ్బే. అతని కుడిచెయ్యి దానివైపు సాగింది.

"బాబూ!" అంది హైమవతి.

చెయ్యి ఆగిపోయింది.

"ఆ చెయ్యి తీసెయ్యండి బాబూ. మీరది బిగించారంటే మా వీధి గ్యారేజీ అయిపోతుంది."

"నేను... ఊరికే చూస్తున్నానమ్మా."

"చూడండి, ఫరవాలేదు. ముట్టుకుంటేనే చిక్కు. వీధికి యజమాని ఎవరు? మున్సిపాలిటీయా? వాళ్లని అజమాయిషీకి పిలవాలి. వెయిటింగ్ రూమ్ నడిరోడ్డు మీద కట్టాలి. ఆ పాత పత్రిక ఎక్కడ దొరుకుతుందో ఏమో!"

"నాను సాచ్చికం!" అని గోడ మీంచి లేచాడు దాలినాయుడు. "బానెట్ ఎత్తడం నా కళ్లతో సూసినాను!"

లోకనాథం బానెట్ దించేశాడు. వాచీ చూసుకున్నాడు. "సాయంత్రం ఆరింటికి సంచాలకులుగారిని స్టేషన్ దగ్గర ఎక్కించుకోవాలమ్మా. హైదరాబాదు నుంచి వస్తున్నారు. నిపుణ హస్తం వార్షికోత్సవానికి."

"దగ్గర్లో గ్యారేజీ ఏదైనా ఉంటే చూసుకోవాల్సింది" అంది హైమవతి, తన బోర్డు వంక తీరిగ్గా చూస్తూ.

ఎంతసేపని నిలబడతాడు? దాలినాయుడూ మాస్టారూ ఒక పట్టు పడితే జీపు గేటు దాటి లోపలికొచ్చింది. లోకనాథం బయానా నోటు తీసి యజమానురాలి చేతిలో పెట్టాడు. హైమవతి దాన్ని కళ్లకద్దుకుని, "మీ చేతి బోణీ మంచిదవ్వాలి నాయనా" అని కొంగున ముడేసుకుంది.

"బోణీ అయింది గదా. సీలు?" అన్నారు మాస్టారు.

లోకనాథం తన చేత్తో తానే పసుపు టేపు చింపాడు. మాస్టారు క్షణం ఆలస్యం చెయ్యకుండా కారు కిందికి దూరి, నట్టు బిగించి, కొత్త ఫిల్టరు తొడిగి, ఆయిలు పోశారు. జాకీ దించి తాళం తిప్పితే కారు మెత్తగా గురకపెట్టింది.

"నా జీపు కూడా ఒక్కసారి... ఆ తీగ..." అన్నాడు లోకనాథం.

కస్టమరు గొంతు వినగానే మాస్టారు తలకాయ గోక్కుని, జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పెదవి విరిచారు. "విప్పి చూడాలి సార్."

"విప్పడానికేముంది? బిగించడమే గదండీ!"

"నిద్ర చెయ్యాలి గదా సార్, ఒక్క రాత్రయినా. మిగతా గ్యారేజీల మనోభావాలూ..."

లోకనాథం నోరు తెరిచాడు. తన నిబంధన తన గొంతుకే అడ్డం పడింది. మింగాడు.

"రేపు రండి" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం సంచాలకులుగారు స్టేషన్ నుంచి ఆటోలో వచ్చారు. ఆటో దారిలో ఆగితే డ్రైవరు పక్కకి తీసి ప్లగ్గు తుడుచుకున్నాడట. ఆ స్థలం గ్యారేజీ అవుతుందా కాదా అని మండలిలో ఇప్పటికీ చర్చ నడుస్తోంది.

* * *

శుక్రవారం పొద్దున్నే లోకనాథం జీపు కోసం వచ్చేసరికి, హైమవతి స్టీరింగు ముందు కూర్చుని ఉంది. ముందూ వెనకా ఎల్ బోర్డులు.

"ఆగండమ్మా!" అన్నాడు లోకనాథం అలవాటుగా. "ఇది కస్టమరు బండి. గ్యారేజీ యజమాని కస్టమరు బండిని సొంత పనికి వాడరాదు."

హైమవతి స్టీరింగు మీంచి చెయ్యి తియ్యలేదు.

"సర్వీసయ్యాక బండిని ట్రయల్ చూడాలా వద్దా బాబూ?"

"చూడాలి. తప్పనిసరి."

"ఎవరు చూడాలి?"

"యజమాని గానీ, యజమాని నియమించిన..." మాట మధ్యలో ఆగిపోయింది.

"నేను ట్రయల్‌కే వెళుతున్నాను. దారిలో టెస్టు ట్రాక్ ఉంటే నేనేం చెయ్యను? నాకింకా లైసెన్సు లేదు, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. మెకానిక్ పని వేళల్లో గ్యారేజీ వదలకూడదన్నారు మీరే. కాబట్టి మీరే ఎక్కండి. మేం తిరిగొచ్చేసరికి మీ జీపు తయారుగా ఉంటుంది."

లోకనాథం ఎక్కాడు. సీటు బెల్టు పెట్టుకున్నాడు. తర్వాత ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

గంటన్నర గడిచింది. మాస్టారు జీపు తీగ బిగించేసి, ఏం తోచక, వెయిటింగ్ రూములో కుర్చీ అంచున కూర్చున్నారు. తెరిచిన పత్రికలో ఒక్క అక్షరం కంటికానలేదు. చివరికి వీధి మలుపులో హారను వినిపించింది. ఒక్కసారి కాదు, మలుపు నుంచి గేటు దాకా ఆపకుండా.

కారు దిగిన లోకనాథం ముఖం పాలిపోయి ఉంది. జీపు తాళాలు తీసుకుని, గేటు దాకా వెళ్లి, ఆగి వెనక్కి తిరిగాడు. "అమ్మగారు రివర్సులో ఎనిమిది అంకె వేశారు మాస్టారూ. ఒక్క గీత కూడా తగల్లేదు. నేనైతే వెయ్యలేను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం అతను మండలి మనిషిలా లేడు.

సాయంత్రానికి లైసెన్సు ఫోనులోకి వచ్చేసింది. హైమవతి ఆ ఫోటో బొబ్బిలికి పంపించింది. అరుంధతి నుంచి వచ్చిన జవాబు ఒక్క ముక్కే: "చూసినప్పుడు నమ్ముతా."

శనివారం తెల్లవారేసరికి పోర్టికోలో కారు లేదు. వంటింట్లో ఇడ్లీపాత్ర మూత మీద చీటీ ఉంది: 'ట్రయల్‌కి వెళుతున్నాను. చట్నీ ఫ్రిజ్‌లో.'

మాస్టారు ఇడ్లీ తిని, వరండాలోకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. పదింటికి ఒకసారి ఫోన్ చేశారు. ఎత్తలేదు. పదకొండింటికి చేశారు. ఆ పక్కనుంచి నవ్వులు, గిన్నెల చప్పుడు, అరుంధతి గొంతు, "ఇంకో రౌండు తిప్పవే, రామకోవెల దాకా! పక్కింటి వాళ్లంతా చూడాలి" అనడం వినిపించాయి.

"హైమా! ట్రయల్ బొబ్బిలి దాకానా?"

"దూరం ఎంతన్నది రూల్లో లేదండీ. లోకనాథాన్ని అడిగాను."

గోడ మీంచి దాలినాయుడు తల పైకొచ్చింది. "ఏటంటున్నారు మాస్టారూ, ఓనరుగారు?"

మాస్టారు చేత్తో ఉండమని సైగ చేసి, కాలుమీద కాలేసుకుని, గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, నేను కస్టమర్ని మాట్లాడుతున్నాను. నా బండి ఎప్పుడిస్తారు?"

శ్రీ హైమవతీ మోటార్ వర్క్స్ యజమానురాలు, బోణీ అయిన గ్యారేజీకి ఉండాల్సిన ధీమాతో జవాబిచ్చింది.

"రేపు రండి."